కింది వాటాలో శనివారం

న్యూజెర్సీలో ఆ ఇంట్లో అద్దెకి దిగిన మొదటి శుక్రవారమే నేను ఇంటావిడని చీకట్లో తడుముకునేలా చేశాను. కావాలని కాదు, పొదుపు కొద్దీ.

అది పాతకాలపు రెండంతస్తుల చెక్క ఇల్లు. కింది వాటాలో ఆవిడ, పై వాటాలో మేము. మేము అంటే నేను, నా కడుపులో నాలుగో నెల బిడ్డ, ప్రాజెక్టు డాలస్‌లో పడ్డందువల్ల నెలకి రెండుసార్లు మాత్రమే వచ్చిపోయే మా ఆయన. ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. భర్త పోయి చాలా కాలమైంది. నలభై ఏళ్ళపాటు పెళ్ళి గౌన్లు కుట్టే సొంత షాపు నడిపింది. యూదురాలు, నియమాలన్నీ గట్టిగా పాటించే మనిషి. ఇల్లు చూపించిన బ్రోకరు ఈ మాట చెప్తే, ఎవరి మతం వాళ్ళది, రైల్వే స్టేషన్ పది నిమిషాల నడక, నాకు అది చాలు అనుకున్నాను.

ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ ఉత్తరాల డబ్బా తాళంచెవి కోసం కింద తలుపు తట్టాను. హాల్లో బల్ల మీద తెల్లటి గుడ్డ, దాని మీద రెండు కొవ్వొత్తులు, జడలా అల్లిన రొట్టె. ఆవిడ నవ్వుతూ లోపలికి రమ్మంది. కడుపుతో ఉన్నదాన్ని కదా, ముందు బాత్రూం అడిగాను. బయటికి వస్తూ అలవాటుగా లైటు ఆపాను. వంటింట్లో ఎవరూ లేకుండానే ఇంకో లైటు వెలుగుతోంది. అయ్యో పెద్దావిడ మర్చిపోయినట్టుంది అని దాన్నీ ఆపేశాను. ఆపి, "కిచెన్‌లో లైట్ వదిలేశారు ఆంటీ, నేను ఆఫ్ చేశా" అని గొప్పగా చెప్పాను కూడా. ఆవిడ నోరు తెరిచి, మళ్ళీ మూసి, "థాంక్యూ హనీ, గుడ్ నైట్" అంది.

అసలు సంగతి ఆదివారం పొద్దున తెలిసింది. శుక్రవారం సూర్యుడు అస్తమించింది మొదలు శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ళకి షబ్బాత్, అంటే విశ్రాంతి దినం. ఆ సమయంలో లైటు వెయ్యకూడదు, ఆపకూడదు. పొయ్యి ముట్టించకూడదు. ఫోన్ ఎత్తకూడదు, కారెక్కకూడదు, రాయకూడదు, కుట్టకూడదు. అందుకే కావలసిన లైట్లు ముందే వేసి ఉంచుకుంటారు. నాలాంటి పరాయిదాన్ని పిలిచి ఆ లైటు వెయ్యమ్మా అని అడగడం కూడా కూడదట. పాపం, ఆ రాత్రంతా బాత్రూంకి గోడ పట్టుకుని వెళ్ళింది ఆ ముసలావిడ.

చచ్చేంత సిగ్గేసింది నాకు. "మరి నన్ను ఆపొచ్చుగా ఆంటీ!" అన్నాను. "నువ్వు అప్పటికే ఆపేశావుగా!" అని పడీ పడీ నవ్వింది. తర్వాత, నేను నీకు ఆంటీని ఎలా అయ్యానని అడిగింది. మా వాళ్ళలో పెద్దవాళ్ళందరూ ఆంటీలే అన్నాను. అయితే సరే అంది. నేను మాత్రం ఆ రోజే గట్టిగా ఒట్టు పెట్టుకున్నాను: ఇంకెప్పుడూ నా వల్ల ఈవిడ నియమం చెడకూడదు, నా కోసం దాన్ని చెడగొట్టుకునే అవసరమూ రాకూడదు అని. ఒకరి వ్రతం పాడుచెయ్యడం మహాపాపమని విని పెరిగినదాన్ని. ఆ ఒట్టే తర్వాత నా ప్రాణం మీదికి తెచ్చింది.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కి ప్రొడక్షన్ సపోర్ట్. ఎక్కడ ఏది ఆగిపోయినా నా ఫోన్ మోగాలి, నేను లేవాలి. కొత్త మార్పులన్నీ శుక్రవారం సాయంత్రమే ఎక్కిస్తారు, శని ఆదివారాల్లో బ్యాంకు పని ఉండదని. అంటే కింద ఆవిడ కొవ్వొత్తులు వెలిగించి చేతులు దులుపుకునే సమయానికి, పైన నేను లాప్‌టాప్ తెరిచి నడుం బిగించేదాన్ని. పదిహేనేళ్ళుగా అదే బతుకు. సెలవు పెట్టినా లాప్‌టాప్ నాతోనే వచ్చేది. పైగా దాన్నో గొప్పగా చెప్పుకునేదాన్ని, నేను లేకపోతే వాళ్ళకి గడవదని. నా మొహం!

అంతకు ముందు ఒక బిడ్డ అయిదో నెలలో కడుపులోనే పోయింది. అందుకని ఈసారి డాక్టరమ్మ మొదటినుంచీ కళ్ళలో వత్తులు వేసుకుని చూసేది. ఆరో నెల దాటాక నా బీపీ పెరగడం మొదలైంది. ఆవిడ మొహమాటం లేకుండా చెప్పింది: ఇది ఇంకా పెరిగితే నీకూ ప్రమాదం, బిడ్డకీ ప్రమాదం. పని తగ్గించు. రోజూ రెండుసార్లు బీపీ చూసుకో. విపరీతమైన తలనొప్పి వచ్చినా, కళ్ళముందు మెరుపులు కనబడినా ఒక్క నిమిషం ఆగకుండా ఆస్పత్రికి రా.

మా ఆయన ఫోన్‌లో రోజూ పోరేవాడు. "లీవ్ పెట్టెయ్యవే. జాబ్ పోతే పోయింది, చూసుకుందాం."

"గ్రీన్‌కార్డ్ ప్రాసెస్ నా కంపెనీ మీద ఉంది. లేఆఫ్స్ అవుతున్నాయి. ఇప్పుడు లీవ్ అంటే నన్నే ఫస్ట్ తీసేస్తారు, తెలుసా?"

"అయితే బీపీ మెషీన్‌కి చెప్పు ఆ మాట."

నేను ఫోన్ పెట్టేసేదాన్ని. ఆయన మాట నిజమని తెలుసు. తెలిసినా చేతకాలేదు. పని చెయ్యకుండా కూర్చుంటే నేనెందుకూ కొరగానిదాన్నని ఎక్కడో లోపల ఒక భయం. ఆ భయం కడుపులో బిడ్డ కోసం కూడా తగ్గలేదంటే నా మీద నాకే అసహ్యం వేసేది.

ఒక గురువారం మెట్లెక్కలేక సగంలో కూర్చుండిపోతే కింది ఆంటీ చూసింది. మంచినీళ్ళు ఇచ్చి ఏమైందని అడిగింది. అన్నీ చెప్పేశాను, ఏడుస్తూ. ఆవిడ ఓదార్చలేదు. "శనివారం మధ్యాహ్నం నా దగ్గర భోజనం చెయ్యి. ఫోన్ పైన వదిలేసి రా" అంది.

"శనివారాలే నాకు ఎక్కువ పని ఆంటీ."

"నాకూ శనివారాలే ఎక్కువ గిరాకీ ఉండేది, పెళ్ళికూతుళ్ళందరూ ఆ రోజే వస్తామనేవాళ్ళు" అంది ఆవిడ. "ఆరు రోజులు గొడ్డులా చాకిరీ చేశాను. పనంటే నాకు ఇష్టం, పని చెయ్యడం కూడా దేవుడు చెప్పినదే. కానీ శుక్రవారం పొద్దు వాలేసరికి సూది ఎక్కడుంటే అక్కడే గుచ్చేసి వచ్చేదాన్ని. సగం కుట్టిన చెయ్యి, సగం వేసిన లేసు. కొందరు ఏడ్చేవాళ్ళు, ఒకామె తిట్టింది. ఆదివారం వెళ్తే గౌను అక్కడే ఉండేది, సూది అందులోనే ఉండేది."

"మరి మనసు ఊరుకునేదా, సగంలో ఆపితే?"

"పని అయిపోయిందని ఆపడం కాదు. ఎప్పుడు అయిపోతుంది గనక? అంతా అయిపోయినట్టే అనుకుని కూర్చోవాలి. అది మాకు నేర్పిన పద్ధతి. కష్టమే. నాకు ముప్ఫై ఏళ్ళు పట్టింది."

మా మేనేజర్‌కి చెప్పి శుక్రవారం రాత్రులు, శనివారాలు ఇంకొకతనికి ఇచ్చి, ఆదివారాలు నేను తీసుకున్నాను. ఆ ఒక్క మాట అడగడానికి మూడు రోజులు నాలో నేనే రిహార్సల్ చేసుకున్నాను. అతను "ఓకే" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. ఇంత తేలికని తెలియక పదిహేనేళ్ళు గడిపానా అనిపించింది.

అలా నాలుగు శనివారాలు కింద భోజనం. ముందురోజు నుంచీ సన్నటి సెగ మీద ఉడికే బీన్సు, బార్లీ, బంగాళదుంపల కూర. అందులో మామూలుగా మాంసం వేస్తారు. నేను బీఫ్ తిననని నాకోసం వేరే చిన్న కుండలో మాంసం లేకుండా వండేది. పొరపాటున గరిటె కలవకుండా దాని పక్కనే విడి గరిటె పెట్టేది. మా ఇంట్లో కూడా నా కోసం ఎవరూ అంత శ్రద్ధ పెట్టినట్టు నాకు గుర్తులేదు. తిన్నాక చెయ్యడానికి ఏమీ ఉండేది కాదు. గిన్నెలు కడుగుతానంటే వద్దనేది, రాత్రికి చూసుకుందాంలే అని.

మొదటి వారం పిచ్చెక్కింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇది మా నాయనమ్మ మడి లాంటిదే కదా అని అడిగాను. మడి అంటే ఏమిటో చెప్పించుకుని ఆవిడ కాసేపు ఆలోచించింది. "కాదనుకుంటా. అందులో లోకం నిన్ను ముట్టుకోకూడదు. ఇందులో నువ్వు లోకాన్ని ముట్టుకోకూడదు. వారమంతా దాన్ని సరిచేస్తూనే ఉంటాం. ఒక్క రోజు దాని మానాన దాన్ని వదిలేస్తాం. మనం లేకుండా కూడా అది నడుస్తుందని ఆ రోజు తెలుస్తుంది. అది దేవుడి పనే గానీ నా పని కాదని గుర్తొస్తుంది." రెండో వారం ఆ సోఫాలో నిద్రపోయాను. మూడో వారం బిడ్డ కదలికలు లెక్కపెట్టకుండానే, ఊరికే, కదులుతున్నంతసేపూ గమనిస్తూ కూర్చున్నాను. అంతవరకు ఒక్కసారీ అలా కూర్చోలేదు. బీపీ మరీ పెరగలేదు. డాక్టరమ్మ ఏం చేస్తున్నావని అడిగితే, ఏమీ చెయ్యట్లేదు అని చెప్పి ఇద్దరం నవ్వుకున్నాం.

అయిదో వారం నా బుద్ధి గడ్డి తింది. ఎనిమిదో నెల మొదట్లో, అక్టోబరులో, కొత్త మార్పుల పెద్ద రిలీజు ఒకటి పడింది. మేనేజర్ ఈ ఒక్క శుక్రవారం అని బతిమాలాడు. ఊఁ అన్నాను. కింద ఆవిడకి చెప్పలేదు, మా ఆయనకీ చెప్పలేదు. తెల్లవారేదాకా పనిచేశాను.

కాసేపు పడుకుని లేస్తే తల బరువుగా ఉంది. బీపీ మెషీన్ చూపించిన అంకె బాగా లేదు. నిద్ర లేక అలా ఉందిలే, భోజనం చేసి వచ్చి మళ్ళీ చూసుకుందాం అనుకున్నాను. ఫోన్ పైనే వదిలి, రెయిలింగ్ పట్టుకుని కిందికి దిగాను.

ఆంటీ రొట్టె మీద చెయ్యి వేసి ప్రార్థన చదువుతోంది. నా నుదుటి వెనకాల ఎవరో సుత్తితో కొడుతున్నట్టుంది. కుడి కంటి మూల సన్నటి మెరుపు గీత ఒకటి వణుకుతూ కనబడింది. రెప్ప వేసి తీశాను. ఉంది. డాక్టరమ్మ చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. ఒక్క నిమిషం కూడా ఆగకు అంది.

మరి నేనేం చేశాను? ఆగాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నది ఒకటే: నేను ఈ మాట చెప్తే ఈవిడ ఫోన్ పట్టుకోవలసి వస్తుంది, ఇన్నేళ్ళుగా కాపాడుకున్న నియమం నా వల్ల మట్టిపాలవుతుంది. భోజనం అయిపోనీ, మెల్లగా పైకి వెళ్ళి నా ఫోన్ నుంచి నేనే చేసుకుంటాను. పావుగంటలో ఏమవుతుందిలే. ముద్ద నోట్లో పెట్టుకుని "చాలా బాగుంది ఆంటీ" అన్నాను.

ఆవిడ చెంచా కింద పెట్టింది. "నీ వేళ్ళేమిటి అలా వాచాయి?"

"ఏం లేదు."

"తలనొప్పా?"

"కొంచెం."

"కళ్ళముందు ఏమైనా కనబడుతోందా?" నేను తల దించుకున్నాను. "ఎప్పటినుంచి?"

"తలనొప్పి పొద్దున్నుంచే. పర్లేదు ఆంటీ, మీరు లేవకండి. ఇవాళ మీ షబ్బాత్. నేనే పైకి వెళ్ళి కాల్ చేసుకుంటా."

"కూర్చో!" అని అరిచింది. ఆ మనిషి గొంతు అంత గట్టిగా లేవగలదని నాకు తెలియదు. కుర్చీ వెనక్కి పడిపోయింది. మోకాళ్ళ నొప్పితో ఒక్కో అడుగూ చూసుకుని వేసే మనిషి, నాలుగంగల్లో వంటింట్లోకి వెళ్ళి గోడకి ఉన్న ఫోన్ అందుకుంది. శనివారాలు అది మోగి మోగి ఆగిపోవడమే నేను విన్నాను. ఎత్తడం చూడలేదు. ఆవిడ ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. నా నెల, బీపీ, తలనొప్పి, మెరుపులు, ఇంటి అడ్రసు, అన్నీ తడుముకోకుండా చెప్పింది. అంబులెన్సు వచ్చాక, కట్టుకున్న ఏప్రన్‌తోనే, చేతిసంచి కూడా లేకుండా నాతోపాటు ఎక్కేసింది. దారంతా నా చెయ్యి వదల్లేదు. నేను ఏడుస్తూ సారీ సారీ అంటుంటే, "మాట్లాడకు, ఊపిరి తీసుకో" అంటూనే ఉంది.

ఆస్పత్రిలో నిమిషాల మీద అంతా జరిగిపోయింది. ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వచ్చేవన్నారు. బిడ్డని ఇప్పుడే తియ్యాలన్నారు. ఆపరేషన్ గది దీపాల కింద బిడ్డ ఏడుపు విన్నానో లేదో కూడా నాకు సరిగ్గా తెలియదు. ఆడపిల్ల అని ఎవరో అన్నారు. చిన్న మూట ఒకటి నా పక్కనుంచి పరుగున వెళ్ళిపోయింది.

తర్వాత కొన్ని గంటలు మంచం మీద కదలకుండా పడున్నాను. ఫిట్స్ రాకుండా ఎక్కించే మందుకి ఒళ్ళంతా మంటలు. లేవకూడదు. పాప పుట్టింది కానీ నేను చూడలేదు. ఊపిరికి సాయం పెట్టారు, ప్రస్తుతానికి నిలకడగానే ఉంది అన్నారు. ప్రస్తుతానికి అన్న మాట ఎంత భయంకరమో ఆ రోజు తెలిసింది. ఇంతలో నర్సు వచ్చి, "మీ గ్రాండ్‌మాకి మీరైనా చెప్పండి" అంది. "మీకు ప్రమాదం లేదని ఎప్పుడో చెప్పాం. టాక్సీ పిలుస్తామంటే వద్దంటోంది. వెయిటింగ్ రూంలో ఆ ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చుంది. ఒక అరటిపండు తింది, అంతే."

నాకు అర్థమైంది. నా ప్రాణం కోసమని నియమం పక్కన పెట్టి బండెక్కింది. ప్రమాదం దాటింది గనక, తన సుఖం కోసం ఇంటికి వెళ్ళడానికి బండెక్కకూడదు. మూడు మైళ్ళు ఆ మోకాళ్ళతో నడవలేదు. కాబట్టి చుక్కలు పొడిచేదాకా అక్కడే. ఆస్పత్రివాళ్ళు ఫోన్ చెయ్యగానే విమానం పట్టుకుని సాయంత్రానికి పరుగున వచ్చిన మా ఆయన, ముందు ఆవిడనే చూసి, కారులో దింపి వస్తానని బతిమాలాడట. "సూర్యుడు ఇంకా ఉన్నాడు. నువ్వు వెళ్ళి నీ భార్యని చూడు" అందట. ఆరు గంటలు కూర్చుంది ఆ కుర్చీలో, నా కోసం. ఆవిడకి నేను ఏమవుతానని?

చీకటి పడ్డాక మా ఆయన ఆవిడని పాప ఉన్న వార్డుకి తీసుకెళ్ళి, అద్దంలోంచి చూపించి, నా గదికి తీసుకొచ్చాడు. ఏప్రన్ మీద ఎండిపోయిన కూర మరక. నేను రెండు చేతులూ జోడించాను. "నన్ను క్షమించండి ఆంటీ. నా వల్ల మీ నియమం చెడిపోయింది."

ఆవిడ మొహం ఎర్రబడింది. "ఎవరు చెప్పారు నీకు చెడిందని? ప్రాణం ఆపదలో ఉంటే ఫోన్ ఎత్తడమే నియమం. ఎత్తకపోతే చెడుతుంది. పసిపిల్లకి కూడా తెలిసిన మాట ఇది మా ఇళ్ళలో. మూడు నాలుగు నెలల నుంచి నా మీద ఇంత గౌరవం చూపిస్తున్నావే, ఒక్కసారైనా నన్ను అడిగావా? నా బల్ల దగ్గర కూర్చుని, కూర బాగుందని చెప్తూ, మర్యాద కోసం చచ్చిపోదామనుకున్నావా?" జోడించిన నా చేతులని విడదీసింది. "షబ్బాత్‌ని దేవుడు నాకు జీవించడం కోసం ఇచ్చాడు. దాని కోసం నిన్ను చావనివ్వమని ఇవ్వలేదు."

మా ఆయన గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు. తిట్లు తిని అంత హాయిగా నాకెప్పుడూ లేదు.

చివరికి అడిగాను, అడగడానికి భయపడుతూనే. "పాప ఏం చేస్తోంది ఆంటీ?"

"ఏమీ చెయ్యట్లేదు" అంది. "ఊపిరి తీసుకుంటోంది, దానికి కూడా గొట్టం సాయం చేస్తోంది. కళ్ళు తెరవలేదు. ఏడవలేదు. పుట్టిన దగ్గర్నుంచి ఒక్క పని కూడా చెయ్యలేదు." నా మంచం అంచున కూర్చుంది. "అయినా ఇద్దరు నర్సులు, ఒక డాక్టరు, మీ ఆయన, నేను, అద్దానికి అటూ ఇటూ నిలబడి దాన్నే చూస్తున్నాం. ఎవరికీ కదలబుద్ధి కాలేదు."

నేను ఏడ్చాను. నొప్పికి కాదు, భయానికీ కాదు. పని చేస్తే తప్ప నన్నెవరూ ఉంచుకోరని ఇన్నేళ్ళుగా నమ్మినదాన్ని. ఏ పనీ చెయ్యని నా కూతురు ఆ గాజుపెట్టెలో అంతమందిని నిలబెట్టి ఉంచింది. ఆవిడ నా తల మీద చెయ్యి వేసి, ఇక నిద్రపొమ్మంది. పదిహేనేళ్ళలో మొదటిసారి, ఆఫీసులో ఎవరికీ ఏమీ చెప్పకుండా, నేను నిద్రపోయాను.